అంబాసిడర్ ఇంజను రీబిల్డులో క్రాంకు, ఫ్లైవీల్ బ్యాలెన్సు: నా అనుభవం

నెల్లూరు ఆటోనగర్‌లో పెట్రోలు అంబాసిడర్ ఇంజను విప్పించి, బోరు చేయించి, క్రాంకు (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) గ్రైండింగు పట్టించడం కష్టమేం కాదు. కదిలే భాగాల బరువులు సరిచేసే బ్యాలెన్సింగు దగ్గరే చాలామంది "ఎందుకులే" అని వదిలేస్తారు. ఈ 1489 సీసీ ఇంజనుకు మాత్రం అది వదిలే పని కాదు. సిలిండర్లు నాలుగున్నా క్రాంకును మోసే మెయిన్ బేరింగులు మూడే. 1-2 సిలిండర్ల క్రాంకుపిన్నుల (పిస్టన్ల రాడ్లు పట్టే చోట్లు) నడుమ, అలాగే 3-4 నడుమ ఆసరా లేదు. తేడా బరువు ఉంటే క్రాంకు తిరిగేటప్పుడు అక్కడే వంగుతూ, బేరింగుల లోపలి పొరలైన షెల్స్‌ను తినేస్తుంది.

మిషను పనంతా అయ్యాకే తూకం మొదలుపెట్టాను. ఫ్లైవీల్ (క్రాంకు వెనక చివర ఉండే బరువైన చక్రం) ఫేసు కోయడం, దాని చుట్టూ ఉండే రింగ్ గేరు మార్చడం లాంటివి తర్వాత చేయిస్తే బ్యాలెన్సు మళ్లీ పోతుంది. క్రాంకును రెండు చివరల్లోని జర్నల్స్ (బేరింగులో తిరిగే నున్నటి భాగాలు) మీద వీ బ్లాకుల్లో పెట్టి, మధ్య జర్నల్‌కు డయల్ గేజి ఆనించి తిప్పి చూశాను. 0.05 మిల్లీమీటరు దాటి ఊగితే ముందు వంపు తీయించాలి. వంగిన క్రాంకులో బరువు కోసి బ్యాలెన్సు తెస్తే మిషను మీద బాగానే కనిపిస్తుంది, ఇంజనులో మాత్రం బేరింగు పోతుంది.

2 కిలోల దాకా తూచి 0.1 గ్రాము చూపే డిజిటల్ తూకం చాలు. పిస్టన్లు, వాటిని రాడ్‌కు కలిపే పిన్నులు విడివిడిగా తూచి, బరువైన పిస్టన్‌కు తేలికైన పిన్ను జత చేశాను. సగం తేడా అక్కడే పోతుంది. మిగిలింది పిస్టన్ లోపల, పిన్ను కూర్చునే దిమ్మె (పిన్ బాస్) అడుగున కొద్దికొద్దిగా తీయాలి. స్కర్టును (పిస్టన్ కింది గోడను), పైభాగాన్ని ముట్టకూడదు. నాలుగూ 1 గ్రాములోపు రావాలి.

పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కన్‌రాడ్లే అసలు పని. మొత్తం బరువు సమానంగా ఉంటే సరిపోదు. పెద్ద చివర క్రాంకుతో పాటు గుండ్రంగా తిరుగుతుంది, చిన్న చివర పిస్టన్‌తో పైకీ కిందకీ పోతుంది. అందుకని రెండు చివరలూ వేరువేరుగా తూచాలి. చిన్న చివరను బాల్ బేరింగు మీద వేలాడదీసి, పెద్ద చివరను తూకం మీద పెట్టి, రాడ్‌ను మట్టంగా ఉంచాలి. తర్వాత తిప్పి రెండో చివర. రెండు అంకెలు కలిపితే రాడ్ మొత్తం బరువుకు సరిపోవాలి. సరిపోలేదంటే వేలాడదీసిన తీరులోనే తేడా ఉంది. క్యాపు, బోల్టులు, పిన్నును బిగించే బోల్టు అన్నీ ఏ రాడ్‌వి ఆ రాడ్‌కే ఉంచి తూచాలి. తేలికైనదాన్ని కొలతగా పెట్టుకుని, మిగతావాటిలో చివరల్లో ఉన్న అదనపు దిమ్మెల నుంచి మాత్రమే తీయాలి. గ్రైండరు గీతలు రాడ్ నిలువునా ఉండాలి, అడ్డంగా పడితే అక్కడే పగులు పుడుతుంది.

"ఐదు గ్రాములకేమవద్ది సామీ" అన్నాడు లేత్ మిస్త్రీ. లెక్కేసి చూపించాను. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 88.9 మిల్లీమీటర్లు, అంటే క్రాంకుపిన్ను కేంద్రానికి 44.45 మిల్లీమీటర్ల దూరంలో తిరుగుతుంది. అక్కడ 5 గ్రాముల తేడా 4000 ఆర్‌పీఎంలో సుమారు 4 కిలోల బలంతో లాగుతుంది. అదే 5 గ్రాములు ఫ్లైవీల్ మీద 14 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 12 కిలోలు దాటుతుంది. స్పీడు సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. 2000లో నున్నగా ఉన్న ఇంజను పైస్పీడులో అదరడం అందుకే.

క్రాంకును, తిరుగుతుండగా తేడా చూపే డైనమిక్ మిషను మీదే తిప్పించాలి. ముందు చివర ఒక పక్క, వెనక చివర దానికి ఎదురుపక్క సమానంగా బరువుంటే, కత్తి అంచుల మీద క్రాంకు ఎక్కడ వదిలితే అక్కడ నిలుస్తుంది. తిరిగినప్పుడు మాత్రం రెండు చివరలూ ఎదురెదురుగా కొట్టుకుంటాయి. నిలబెట్టి చూసే పరీక్షకు ఇది దొరకదు. వరస నాలుగు సిలిండర్ల క్రాంకు కాబట్టి క్రాంకుపిన్నులకు రాడ్, పిస్టన్ల బదులు డమ్మీ బరువులు కట్టాల్సిన పని లేదు. వీ6, వీ8లకైతే కట్టాలి.

మొదట క్రాంకు ఒక్కటే. తర్వాత ముందు పుల్లీ, ఆపైన ఫ్లైవీల్, చివరగా క్లచ్చు ప్లేటు లేకుండా, దాన్ని ఫ్లైవీల్‌కు నొక్కే ప్రెషర్ ప్లేటు. ఒక్కొక్కటి బిగించాక వచ్చిన తేడాను ఆ వస్తువులోనే తీయించాను. అన్నీ ఒకేసారి బిగించి క్రాంకులో కోస్తే, రేపు ప్రెషర్ ప్లేటు మార్చగానే బ్యాలెన్సు పోతుంది. ఫ్లైవీల్ క్రాంకు మీద, ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ మీద కూర్చున్న తీరుకు పంచ్ గుర్తులు కొట్టించుకోవాలి. ఉక్కులో 10 మిల్లీమీటర్ల డ్రిల్లుతో 10 మిల్లీమీటర్ల లోతు తోలిస్తే పోయేది దాదాపు 6 గ్రాములు. ఈ లెక్క తెలిస్తే మితిమీరి తోలరు.

డ్రిల్లు పొట్టు ఆయిలు రంధ్రాల్లో చేరుతుంది. ఆ రంధ్రాల ప్లగ్గులు విప్పి, సన్న బ్రష్షుతో కిరసనాయిలు పెట్టి తోమి, గాలి కొట్టాకే బిగింపు.

బ్యాలెన్సు బాగున్నా నాలుగు సిలిండర్ల ఇంజనులో, క్రాంకు స్పీడుకు రెట్టింపు లయలో సన్నటి అదురు ఉంటుంది. అది పిస్టన్ల కదలికలోనే ఉంది, తూకంతో పోదు. స్లోలో మాత్రమే ఊగితే మౌంటింగులు, ఇగ్నిషన్ చూడాలి. న్యూట్రల్‌లో రేజు చేసినప్పుడు వచ్చి, క్లచ్చు తొక్కగానే మారితే ప్రెషర్ ప్లేటు లేదా క్లచ్చు ప్లేటు. కావలి దాటాక హైవే మీద ఒక స్పీడులోనే వచ్చి, అదే స్పీడులో న్యూట్రల్ చేసినా తగ్గకపోతే ఇంజను జోలికి పోకుండా ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, చక్రాలు చూడండి.