మతేరాలో అమ్మ

మే 17, శనివారం. రాత్రి పన్నెండు దాటింది.

అమ్మ గురక మొదలైంది. నాకు నిద్ర రావడం లేదు కాబట్టి ఇవాళ్టిది ఇప్పుడే రాసేస్తున్నా.

పొద్దున బారీలో పెద్ద స్టేషన్ వదిలేసి పక్కనున్న చిన్న స్టేషన్లోకి తీసుకెళ్తుంటేనే అమ్మకు అనుమానం వచ్చింది. "ఇదేం రైలే పాపా, ఇంత సన్నగా ఉంది" అంది. సన్నదే మరి. దక్షిణ ఇటలీలోని ఈ మతేరాకు పోయే పట్టాల వెడల్పు 95 సెంటీమీటర్లు, మన మీటరు గేజి కన్నా తక్కువ. దేశమంతా తిరిగే పెద్ద రైళ్లు ఆ ఊరికి ఇంకా రావు. అల్టామురాలో బండి మారాం. అటూ ఇటూ గోధుమ చేలు, ఆలివ్ తోటలు, గట్ల మీద ఎర్రగా పాపీ పూలు. అమ్మ పూలు చూళ్లేదు, గోధుమ వెన్నులు చూసింది. "ఇంకో నెలకు కోతకొస్తాది" అని తీర్పు చెప్పి కళ్లు మూసుకుంది. కర్నూలు ఎండలు తప్పించుకుని బొలోన్యాలో నా దగ్గరికొచ్చి మూడు వారాలైంది. వెనిస్ చూపించా, ఫ్లోరెన్స్ చూపించా. రెండు చోట్లా ఒకటే మాట: "బాగుంది గానీ కాళ్లు నొప్పులు."

మతేరా మాత్రం నా పంతం. ఎందుకన్నది అమ్మకు చెప్పలేదు, ఇక్కడ రాసుకుంటా. నాకు ఎనిమిదేళ్లప్పుడు, బేతంచెర్ల దగ్గర మా ఊళ్లో జేజినాయన కట్టిన మట్టి మిద్దెను పట్టుబట్టి కొట్టేయించింది అమ్మే. మూరన్నర మందం రాతి గోడలు, దంతెల మీద చవుడు తొక్కిన కప్పు, నడిమధ్యన వెలుతురు కోసం వదిలిన గవాచి. గడప దాటగానే ఎడమ పక్క గాటిపాట, అందులో రెండెద్దులు, ఒక బర్రె. మనుషులు వాటి తర్వాతే. ఇప్పుడక్కడ స్లాబు ఇల్లుంది, మే నెలలో పెనం. ఆ మిద్దె పేరెత్తితే మా ఇద్దరికీ ఇరవై ఏళ్లుగా మాటామాటా పెరుగుతుంది. గుహల్లో బతికిన ఊరిని ఈరోజు ప్రపంచమంతా వచ్చి చూసిపోతోంది, చూడు, అని అమ్మ చేత అవుననిపించాలి. అందుకే రెండు రైళ్లు మారి వచ్చింది. ఇలాంటి పంతాలు పెట్టుకుని మోకాళ్ల నొప్పులున్న తల్లిని మెట్ల ఊరికి తీసుకురాకూడదు. ఇది నాకు మధ్యాహ్నానికి తెలిసింది.

విట్టోరియో వెనెటో చౌకు దాకా మామూలు ఊరే. కాఫీ షాపులు, బ్యాంకులు, బల్లల మీద కూర్చున్న ముసలివాళ్లు. చౌకులో ఒక పక్కన మూడు కమానులున్నాయి. వాటి కిందుగా పోయి పిట్టగోడ పట్టుకుని నిలబడితే ఊరు మన పాదాల కిందికి జారిపోతుంది. ఇల్లు మీద ఇల్లు, మెట్లు, చీకటి నోళ్లలా తలుపులు, అన్నీ పాత తాటాకు రంగులో. నేను అమ్మ మొహం చూస్తున్నా, ఏమంటుందోనని.

"ఇది క్వారీనా?"

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే అంతకన్నా సరైన మాట ఏ గైడూ చెప్పలేడనిపించింది. సస్సో అంటే రాయి, సస్సి అంటే రాళ్లు. ఈ పాత పేటల్ని సస్సి అనే పిలుస్తారు. గ్రవీనా అనే వాగు కోసిన లోయ అంచున, చివితా అనే మిట్టకు ఒక పక్క సస్సో బరిసానో, ఇంకో పక్క సస్సో కవెయోసో. మిట్ట మీద 13వ శతాబ్దంలో కట్టిన కేథడ్రల్. ఇక్కడివాళ్లు కొండ వాలులోకి తొలుచుకుంటూ పోయారు, తొలిచిన రాయినే దిమ్మెలుగా కోసి గుహ ముందు ఇంకో గది లేపారు, ఆ గది కప్పు పై ఇంటివాళ్లకు దారి అయింది. నడుస్తుంటే మా చెప్పుల పక్కనే ఎవరిదో పొగగొట్టం కనపడింది. క్వారీలోనే ఇల్లు, ఇంటి కిందే క్వారీ.

అమ్మ గోడను గోటితో గీకి చూసింది. నాన్న రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేశాడు, కాబట్టి రాయి సంగతి మా ఇంట్లో అన్నంతో పాటు వచ్చిన చదువు. "నాపరాయి పొరలు పొరలు లేస్తుంది. దీన్ని బెల్లం మాదిరి కోసినారు" అంది. సరిగ్గా అంతే. ఇక్కడ తూఫో అంటారు గానీ అగ్నిపర్వతపు రాయి కాదిది. సముద్రం అడుగున పేరుకున్న సున్నపు ఇసుకరాయి. కోసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. ఒక దిమ్మెలో గుల్ల అచ్చు కనిపిస్తే చూపించా. "సముద్రం యాడుందో, ఇది యాడుందో" అని దాని మీద వేలు పెట్టి కాసేపు అట్లే నిలబడింది.

చౌకు కిందే పలోంబారో లుంగో అని ఒక నీళ్ల తొట్టి ఉంది. తొట్టి అంటే నవ్వాలి, ఇనుప మెట్లు దిగి పోతే తలెత్తి చూడాల్సిన గుడి మాదిరి ఉంటుంది. 15 మీటర్ల పైన లోతు, 50 లక్షల లీటర్లు పట్టేది. వాగు లోయ అడుగున ఉండిపోయింది కాబట్టి ఊరంతా వాననీళ్ల మీదే బతికింది. ఇళ్ల కప్పుల మీద పడ్డ చుక్క చుక్కనీ కాలువలు పెట్టి, ఇంటింటి అడుగున గంట ఆకారంలో తొలిచిన తొట్లలోకి మళ్లించుకున్నారు. ఊరుమ్మడిది ఈ పెద్దది. 1920లలో గొట్టాల నీళ్లు వచ్చాక దీన్ని మరిచేపోయారు. 1991లో చౌకు బాగుచేస్తుంటే మళ్లీ బయటపడింది. గోడలకు పెంకు పొడి కలిపిన సున్నం పూత, దాని మీద ఒకప్పటి నీటి మట్టాల గీతలు.

"గచ్చు" అంది అమ్మ, గోడను చూసి. ఆపైన, "పూడిక తీసేదానికి ఎవరు దిగేటోళ్లు?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

భోజనం గురించి రెండు ముక్కలే. ఫావా గింజలను మెత్తగా ఉడికించిన ముద్దపప్పు, పక్కన చేదు ఆకుకూర. దాని మీద ఈ బసిలికాతా ప్రాంతం వాళ్లు గొప్పగా చెప్పుకునే పెపెరోని క్రుస్కి, అంటే ఎండబెట్టి నూనెలో వేయించిన ఎర్ర మిరపకాయలు. "మజ్జిగలో ఊరలేదు, కారమూ లేదు, ఇదేం మిరపకాయ" అంటూనే నా ప్లేటులోవి కూడా తినేసింది.

ఆ తర్వాతే వీకో సొలిటారియోలోని గుహ ఇల్లు. మనుషులు వదిలి వెళ్లినప్పుడు ఎట్లా ఉండేదో అట్లా సర్ది, టికెట్ పెట్టి చూపిస్తున్నారు. "దీనికి టికెట్టా?" అంది, ఊహించిందే. లోపలికి అడుగు పెట్టాక మాత్రం నోరు మూతపడింది. ఒకటే గది. ఎత్తైన మంచం, దాని మీద జొన్నపొత్తుల పొట్టు నింపిన పరుపు (మొక్కజొన్న అని రాయాలి, మా ఊళ్లో జొన్నే వస్తుంది నోటికి). మంచం కింద కోళ్లు. మధ్యన చిన్న బల్ల, దాని మీద ఒకే ఒక పెద్ద కంచం, ఇంటిల్లిపాదీ అందులోంచే తినేవాళ్లట. మగ్గం. నేలలో నీళ్ల తొట్టి నోరు. వెనకాల, గుహ లోపలి చివరన, కంచర గాడిద. దాని పక్కన పేడ గుంత. ఆ పేడ వేడికి చలికాలం ఇల్లు కాస్త వెచ్చబడేదని రికార్డు చేసిన గొంతు ఇంగ్లీషులో చెబుతోంది.

నేను తెలుగులో చెప్పబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆమెకు అనువాదం అవసరం లేదు. గాడిద బొమ్మను, మంచాన్ని, మళ్లీ గాడిదను చూసింది. అడుగులు లెక్కపెట్టినట్టుంది. "మనదే నయం. ఎద్దులు ముందరుండేవి, వాకిలి పక్క. ఇక్కడ జీవాన్ని బయటికి తోలాలంటే మంచం మీద పడుకున్నోళ్లందరినీ దాటాల." ఆపైన గొంతు తగ్గించి, "ఆడోళ్లు నీళ్లు పోసుకునేది యాడ?"

రికార్డు ఆ సంగతి చెప్పలేదు. టికెట్లిచ్చే ఆవిడను అడిగా. ఆమె భుజాలెగరేసి నవ్వి, "తక్కువ" అంది. ఎక్కడ అని అడిగితే ఎన్నిసార్లో చెప్పింది. అమ్మకు తెలుగులో చెప్పా. అమ్మ నవ్వలేదు.

బయటికొచ్చి, లోయ అంచున ఉన్న సాన్ పియెత్రో కవెయోసో చర్చి ముందర కూర్చున్నాం. అవతలి గట్టు నిండా ఎప్పటివో తెలియనంత పాత గుహలు. అమ్మకు నాకు తెలిసినంత చరిత్ర చెప్పా. ఇది మొదటి నుంచీ దరిద్రపు ఊరు కాదు. 1663 నుంచి 1806 దాకా బసిలికాతాకు రాజధాని కూడా. తర్వాత జనం పెరిగి, పశువులకూ నీళ్లకూ తొలిచిన గుహల్లోకి కూడా మనుషులు చేరారు. మలేరియా, ట్రకోమా అనే కంటి జబ్బు. పసిబిడ్డలు రాలిపోయేవాళ్లు. 1945లో రచయిత కార్లో లేవీ పుస్తకంతో దేశమంతటికీ తెలిసింది. 1948లో కమ్యూనిస్టు నాయకుడు తొల్యాత్తి వచ్చి ఇది దేశానికి సిగ్గుచేటన్నాడు, 1950లో ప్రధాని దె గాస్పెరి వచ్చి చూశాడు, 1952లో జనాన్ని ఖాళీ చేయించే చట్టం చేశారు. ఆ చట్టం తేదీ మే 17. ఇవాళే. చూసుకుని వచ్చింది కాదు, అట్లా కుదిరింది. 15,000 మందికి పైగా జనాన్ని కొత్త కాలనీలకు మార్చారు. గుహలకు అడ్డగోడలు కట్టి వదిలేశారు. బాగుచేసుకోవడానికి 1986లో ఇంకో చట్టం వచ్చింది, 1993లో యునెస్కో గుర్తింపు, 2019లో యూరప్ సాంస్కృతిక రాజధాని.

"చూశావా, అప్పుడు సిగ్గన్నారు, ఇప్పుడు..." అని నేను అసలు సంగతికి వస్తున్నా.

"పోయేటప్పుడు ఏడ్చింటారు" అంది అమ్మ.

"ఏడ్చుంటారు కదా మరి!"

"నేనూ ఏడ్చినా. మిద్దె కొట్టేసేనాడు. మీ జేజి చూస్తాదని వామి చాటుకు పోయి ఏడ్చినా."

ఇది నాకు తెలీదు. "మరెందుకు కొట్టేయించినావ్?"

"ఏడుపొచ్చిందని ఉంచుకోవాల్నా?" అంది. ఆమాత్రం తెలీదా అన్నట్టు. "నీకు గవాచిలో నుంచి పడే ఎండ గుర్తు. వానొస్తే దాని మీద బండ కప్పేదానికి నడిరాత్రి మిద్దెక్కింది నేను. తెల్లారకముందే గాటిపాట ఎత్తింది నేను. పడుకుంటే మొహాన మన్ను రాలేది, తినేటప్పుడు కంచంలో రాలేది. పెండ్లయిన కొత్తల్లో చీర మార్చుకోవాలంటే గరిసె వెనకాలకు పోవాల, అవతల ఎద్దు చూస్తాంటుంది." చివరి మాటకు తనే నవ్వింది. నేను ఎనిమిదేళ్లున్నా ఆ ఇంట్లో, గరిసె వెనకాల దాగుడుమూతలాడా. అది బట్టలు మార్చుకునే గది అని ఇవాళ తెలిసింది.

నా దగ్గర జవాబు లేకపోయింది. రొట్టెలు కొనుక్కుందాం పద అన్నా.

ఇక్కడి రొట్టె దురుం గోధుమ రవ్వతో చేస్తారు, కొమ్ము ఆకారంలో ఉంటుంది, వారం దాటినా పాడుకాదు. ఒకప్పుడు ఇళ్లలో రొట్టె కాల్చే బట్టీలు ఉండేవి కావు. పిండి ఇంట్లో పిసికి ఊరుమ్మడి బట్టీకి పంపేవాళ్లు. ఎవరి రొట్టె ఎవరిదో తెలియడానికి ఇంటి యజమాని పేరులోని అక్షరాలు చెక్కిన కొయ్య ముద్ర వేసేవాళ్లు. ఆ ముద్రలు ఇప్పుడు బొమ్మల కొట్లలో అమ్ముతున్నారు. అమ్మ ఒకటి తిప్పి తిప్పి చూసి, "పిండి మిషన్ కాడ డబ్బాల మీద పెయింటుతో పేరు రాయిస్తాం చూడు, అదే కథ" అంది. మా డబ్బా మీద ఇప్పటికీ జేజినాయన పేరే ఉంది. ముద్ర కొనలేదు, ధర చూసి పెట్టేసింది. రెండు కిలోల రొట్టె మాత్రం కొనిపించింది, బొలోన్యాకు మోసేది నేనే కాబట్టి.

పొద్దు వాలేసరికి కప్పుల మీద చిన్న డేగలు తిరగడం మొదలుపెట్టాయి. గ్రిల్లాయో అంటారు వీటిని, వసంతంలో ఆఫ్రికా నుంచి వచ్చి ఈ గోడల సందుల్లో, పెంకుల కింద గూళ్లు పెట్టుకుంటాయి. పదులకొద్దీ ఉన్నాయి. వాటినెవరూ ఖాళీ చేయించలేదు.

ఇక ఈ గది. ఇదీ గుహే, హోటలు చేశారు. తెల్లటి దుప్పట్లు, గోడ గూట్లో కొవ్వొత్తి, మూలన స్నానానికి గాజు అడ్డు. అమ్మ ముందు ఆ గాజు అడ్డం దగ్గరికే పోయి, తలుపు తీసి మూసి చూసింది. "రాత్రికెంత?" అంది. నలభై యూరోలన్నా. నూట నలభై. గోడ మీద అరచెయ్యి పెట్టి "చెమ్మ" అంది, పైకి చూసి "గవాచి లేదు" అంది, పడుకుంది. అయిదు నిమిషాలు పట్టలేదు.

నేను రెండు గంటలుగా అటూ ఇటూ దొర్లుతున్నా. గాలి ఆడటం లేదు. దుప్పటి తడిగా ఉన్నట్టుంది. చప్పుడన్నది లేక చెవులు మూసినట్టుంది. ఇప్పుడే కాగితం మీద ఏదో సన్నగా పడింది. పురుగనుకుని ఫోన్ లైటు వేసి చూశా. కప్పు రాయి నుంచి రాలిన ఇసుక. దులిపేసి, అమ్మ మొహం మీద పడకుండా దుప్పటి కొస కాస్త పైకి లాగా. ఆమె నిద్రలోనే దాన్ని కిందికి నెట్టేసింది.