థార్ రంగుల నూలు కోటు: కరక్కాయ, మంజిష్ట, అన్నభేది

జాకెట్ అనగానే మనకు రవిక గుర్తొస్తుంది. ఇక్కడ మనం రంగు వేయబోయే జాకెట్ మాత్రం ముందు బొత్తాలున్న, పొడుగు చేతుల నూలు కోటు. రంగులు థార్ ఎడారివి: భుజాల దగ్గర జైసల్మేర్ రాతి పసుపు, అంచుకు దిగేకొద్దీ జోధ్‌పూర్ ఇసుకరాయి ఎరుపు, ముంజేతుల మీద పొద్దువాలిన నీడల బూడిద. మూడు రంగులకూ కరక్కాయ, మంజిష్ట (ఎరుపునిచ్చే వేరు), అన్నభేది (ఇనుప లవణం, ఫెర్రస్ సల్ఫేట్) చాలు, రంగు పట్టి ఉండటానికి పటిక. వరస మాత్రం తప్పకూడదు.

కోటు బరువు 600 గ్రాములనుకుందాం. ముందు కుట్టు దారం చూడండి. బట్ట నూలుదైనా దారం చాలాసార్లు పాలిస్టరే ఉంటుంది. దానికి ఈ రంగులు అంటవు, ఎర్రటి బట్ట మీద తెల్లటి కుట్లు తేలతాయి. ఇనుప హుక్కులుంటే ఊడదీయాలి, కరక్కాయ నీళ్ళు తగిలితే చుట్టూ నల్లమచ్చ పడుతుంది.

నీళ్ళలో 12 గ్రాముల సోడా యాష్ (సోడియం కార్బోనేట్) వేసి కోటును గంటసేపు ఉడికించి జాడించండి. ఆరాక ఒక నీటిచుక్క వేసి చూడాలి. వెంటనే పీల్చుకోక ముత్యంలా నిలబడితే గంజి ఇంకా పోలేదు, మళ్ళీ ఉడికించాల్సిందే.

120 గ్రాముల కరక్కాయ పొడి గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, వడగట్టి, కోటును అందులో రెండు గంటలు నానబెట్టండి. పిండాక జాడించకుండా ఎండలో పరిచి ఆరబెట్టాలి. దండెం మీద వేలాడదీస్తే రసం కిందికి దిగి అంచు దగ్గర చారలు కడుతుంది. తర్వాత 90 గ్రాముల పటిక వేడినీళ్ళలో కరిగించి, 12 లీటర్లు చేసి, రాత్రంతా ముంచి ఉంచండి. నూలు ఒంటరిగా పటికను సరిగా పట్టుకోదు, కరక్కాయలోని వగరే దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే కరక్కాయ ముందు. తెల్లారి ఒక్కసారి జాడిస్తే లేత ఇసుక పసుపు సిద్ధం.

300 గ్రాముల మంజిష్ట పొడిని పల్చటి గుడ్డలో మూటకట్టి రాత్రే నానబెట్టాలి. విడిగా వేస్తే నలుసులు బట్టకు అంటుకుంటాయి. స్టీలు గిన్నెలో 60–70 డిగ్రీల వేడి చాలు, మరిగించనక్కర్లేదు. కోటు చేతులు పైకి మడిచి, భుజాలు పట్టుకుని కింది సగమే ముంచి, గంటసేపు పైకీ కిందికీ ఆడిస్తూనే ఉండాలి. చెయ్యి ఆగిన చోట గీత పడుతుంది, ఆ గీత మళ్ళీ పోదు. ఇద్దరుంటే చెయ్యి మార్చుకోవచ్చు.

చివరికి 6 గ్రాముల అన్నభేది, వేరే బకెట్లో, చన్నీళ్ళలో. కోటు చేతుల చివరలు మాత్రం ఐదు నిమిషాలు ముంచి బాగా జాడించండి. నలుపు చిక్కబడాలని మోతాదు పెంచకండి, ఇనుము ఎక్కువైతే నూలు పెళుసై చిరుగుతుంది. కలంకారీలో గీత పాకకుండా కరక్కాయతో గేదెపాలు కలుపుతారు. ఇక్కడ రంగు పాకి కలిసిపోవడమే కావాలి కాబట్టి పాలు వద్దు.

ఉతకడానికి కుంకుడురసం వాడండి. నిమ్మరసం, చింతపండు పులుసు తగిలితే వెంటనే కడిగేయాలి: పులుపుకు బూడిదరంగు కరిగి, లేత మచ్చ మిగులుతుంది.