ఆరింటిలో ఐదు వెనక్కే: చింతపిక్కలతో కాల్విన్ వలయం

"నిష్కాంతి చర్య ఎప్పుడు జరుగుతుంది?" అని పదో తరగతిలో అడిగి చూడండి. ముందు బెంచీ పిల్లలే చెయ్యెత్తి "రాత్రిపూట సార్" అంటారు. కిరణజన్య సంయోగక్రియలో ఆకు కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చే భాగం ఇది, కాల్విన్ వలయమన్నా ఇదే. జరిగేది పగలే. తప్పు వాళ్ళది కాదు, మాటది. నిష్కాంతి అంటే కాంతి లేనిదనే గదా అర్థం. ఇంగ్లీషు మీడియం పిల్లలు 'డార్క్ రియాక్షన్' అని చదువుకుని అదే గోతిలో పడతారు. తర్వాత వాడుకలోకి వచ్చిన 'లైట్ ఇండిపెండెంట్' కాస్త నయమే గానీ, అదీ పూర్తి నిజం కాదు. వెలుగు పడ్డప్పుడు స్ట్రోమా (హరితరేణువులోని ద్రవం) పీహెచ్ 7 దగ్గర్నుంచి 8 దాకా పెరుగుతుంది, థైలకాయిడ్లనే పొరల సంచుల్లోంచి మెగ్నీషియం అయాన్లు స్ట్రోమాలోకి వస్తాయి. ఆ రెండూ కుదిరితేనే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రూబిస్కో ఎంజైము సరిగ్గా పని చేస్తుంది. పైగా కాంతి చర్యలో తయారై శక్తినీ హైడ్రోజన్‌నూ అందించే ఏటీపీ, ఎన్ఏడీపీహెచ్ రాత్రికి దాచుకునే సరుకులు కావు. దీపం ఆర్పిన కాసేపటికే అయిపోతాయి.

అందుకని మొదటి రోజు బోర్డు మీద మూడే వాక్యాలు రాయండి. ఈ చర్యకు వెలుగు నేరుగా అక్కర్లేదు. వెలుగు తయారుచేసిన సరుకు కావాలి. ఆ సరుకు పగలే దొరుకుతుంది. క్లాసులో మాట్లాడేటప్పుడు 'స్ట్రోమా చర్యలు' అనండి, ఎక్కడ జరుగుతుందో పేరులోనే ఉంటుంది. పరీక్షలో మాత్రం పుస్తకంలోని మాటే రాయమనండి, మార్కులు దానికే.

పదో తరగతి పాఠంలో ఈ భాగం ఒక్క వాక్యమే: కార్బన్ డయాక్సైడ్ క్షయకరణం చెంది కార్బోహైడ్రేట్ అవుతుంది. వలయం, దానిలోని పేర్లన్నీ ఇంటర్‌లో వస్తాయి. అయితే పదిలో ఎంత చెప్పాలి? లెక్క మొత్తం చెప్పండి, పేర్లు రెండు మూడు చాలు. చాలామంది దీన్ని తిరగేస్తారు. ఎరిత్రోజ్, సెడోహెప్టులోజ్ అని బట్టీ పట్టిస్తారు, కార్బన్లు ఎక్కడికి పోయాయని అడిగితే పిల్లలు నోరు తెరుస్తారు.

లెక్కకు చింతపిక్కలు కావాలి. ఆరుగురి జట్టుకు 18 పిక్కలు, 9 అగ్గిపుల్లలు, 6 రబ్బరు బ్యాండ్లు, నేల మీద వలయం గీసేందుకు సుద్దముక్క. పిక్క ఒక కార్బన్, పుల్ల ఒక ఏటీపీ, బ్యాండు ఒక ఎన్ఏడీపీహెచ్. పద్దెనిమిదిలో మూడు పిక్కలకు సుద్ద పూయండి. అవి గాలిలోంచి కొత్తగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్. మిగతా పదిహేను ఐదేసి చొప్పున మూడు కుప్పలు. కార్బన్ డయాక్సైడ్‌ను అందుకునే ఐదు కార్బన్ల పదార్థం, ఆర్‌యూబీపీ. వామనగుంటలు ఆడిన పిల్లలకు ఇది కొత్తగా ఉండదు. కాకపోతే వాళ్ళు పిక్కల్ని గుంటకొకటి పంచేయబోతారు, ఆ అలవాటును ముందే ఆపాలి.

ఐదేసి కుప్పల్లో ఒక్కోదానికి ఒక సుద్ద పిక్క చేరుతుంది. ఆరయింది. ఆ ఆరు నిలబడదు, వెంటనే మూడూ మూడుగా విడిపోతుంది. ఇక్కడ పిల్లలు ఆరు పిక్కల కుప్పను అలాగే ఉంచి "గ్లూకోజు వచ్చేసింది" అంటారు. ఆరు కార్బన్లు కనపడగానే గ్లూకోజే అనుకోవడం ఈ పాఠంలో రెండో పెద్ద పొరపాటు. విడగొట్టించండి. మూడేసి పిక్కల కుప్పలు ఆరు రావాలి, వాటిలో మూడింటికే సుద్ద పిక్క ఉండాలి. మూడు కార్బన్ల ఆమ్లమైన పీజీఏ ఇదే.

ఆ తర్వాత ఒక్కో కుప్పకు ఒక పుల్ల, ఒక బ్యాండు ఖర్చు. ఆరు పుల్లలు, ఆరు బ్యాండ్లు పోయాయి, పిక్కల సంఖ్య మారలేదు. "పిక్కలు పెరగలేదు, తగ్గలేదు, మరి ఏం జరిగింది?" అని అడిగి ఆగండి. తొందరపడి జవాబు చెప్పొద్దు. కార్బన్ అదే, దానికి శక్తి, హైడ్రోజన్ చేరాయి, ఆమ్లం కాస్తా చక్కెర అయింది. పుస్తకంలోని 'క్షయకరణం' అన్న మాటకు అర్థం ఇక్కడే దొరుకుతుంది. ఈ మూడు కార్బన్ల చక్కెరే జీ3పీ.

ఆరు కుప్పల్లో ఒకటి గీత బయటికి పోతుంది. ఆకుకు మిగిలిన సంపాదన అంతే. తక్కిన ఐదూ వలయంలోనే ఉండాలి. దీనికి విత్తన వడ్ల పోలిక బాగా పనికొస్తుంది: ఆరు పుట్లు పండించిన రైతు ఐదు పుట్లు విత్తనానికే తీసిపెట్టి ఒక పుట్టి అమ్ముకున్నట్టు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలని తెలిసిన పిల్లలు "అట్టాంటి రైతు అప్పులపాలేగా సార్" అని నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆరింటిలో ఐదు అన్న లెక్క దాంతో మర్చిపోరు. పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. విత్తన వడ్లు వడ్లుగానే ఉంటాయి. ఇక్కడ వెనక్కిపోయేవి మూడేసి కార్బన్లవి, కావలసినవి ఐదేసివి.

అసలు ఆట అక్కడే. మూడేసి పిక్కల కుప్పలు ఐదింటిని ఐదేసి పిక్కల కుప్పలు మూడుగా మార్చాలి. నియమాలు రెండే. ఒకటి, మూడు పిక్కల కుప్పను మొత్తంగా మూడు లేదా నాలుగు పిక్కల కుప్పతో కలపొచ్చు. రెండు, ఆరు లేదా ఏడు పిక్కల కుప్పలోంచి సరిగ్గా రెండు పిక్కలు తీసి మూడు పిక్కల కుప్పలో వేయొచ్చు. ఒంటి పిక్కను కదపకూడదు. ఈ ఒక్కటీ చెప్పకపోతే పిల్లలు అర నిమిషంలో పిక్కలు పంచేసి కూర్చుంటారు, ఆట చెడిపోతుంది. పది నిమిషాలు వదిలేయండి. దారి ఇది: మూడూ మూడూ కలిస్తే ఆరు. ఆరులోంచి రెండు తీసి మూడో కుప్పకు ఇస్తే నాలుగూ ఐదూ. నాలుగుకు నాలుగో కుప్ప చేరితే ఏడు. ఏడులోంచి రెండు తీసి ఐదో కుప్పకు ఇస్తే ఐదూ ఐదూ. మొత్తం మూడు ఐదులు. ఇంటర్ పిల్లలకైతే కలిపే పని ఆల్డోలేజ్‌ది, రెండేసి మోసే పని ట్రాన్స్‌కీటోలేజ్‌ది అని అప్పుడు చెప్పండి. నాలుగుకు ఎరిత్రోజ్, ఏడుకు సెడోహెప్టులోజ్ అన్న పేర్లు ఆట అయ్యాక దేనికి పెట్టారో తెలిసి పడతాయి.

చివరి మూడు పుల్లలూ ఆ మూడు ఐదుల్ని మళ్ళీ ఆర్‌యూబీపీ చేయడానికి. మొత్తం ఖర్చు 9 ఏటీపీ, 6 ఎన్ఏడీపీహెచ్. లోపలికి వచ్చింది 3 కార్బన్ డయాక్సైడ్, బయటికి పోయింది ఒక మూడు కార్బన్ల చక్కెర. గ్లూకోజు లెక్క కావాలంటే అన్నీ రెండింతలు: 6, 18, 12. అయితే ఈ వలయం గ్లూకోజును నేరుగా చేయదని గట్టిగా చెప్పండి. జీ3పీలో కొంత హరితరేణువు దాటిపోయి సుక్రోజు అవుతుంది, కొంత లోపలే పిండి పదార్థంగా మారుతుంది.

ఆట ముగిశాక పిక్కలు ఎత్తేయకండి, ఇంకో ప్రశ్న ఉంది. మళ్ళీ మొదలుపెట్టించి మధ్యలో పుల్లలూ బ్యాండ్లూ లాక్కోండి, సుద్ద పిక్కలు మాత్రం ఇస్తూ ఉండండి. ఏ కుప్పలు పేరుకుంటాయి? మూడేసివి. ఐదేసివి తరిగిపోతాయి. ఇప్పుడు తిరగేయండి: పుల్లలు ఇవ్వండి, సుద్ద పిక్కలు ఆపండి. ఐదులు పేరుకుంటాయి, మూడులు తరిగిపోతాయి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కాల్విన్, బెన్సన్, బాషమ్ బృందం నాచుకణాల మీద చూసిందీ ఇదే. క్లోరెల్లా లాంటి నాచుకు రేడియోధార్మిక కార్బన్-14 ఉన్న వాయువు ఇచ్చి, కొన్ని సెకన్లకే వేడి ఆల్కహాల్‌లోకి వదిలి, ఆ రసాన్ని కాగితం మీద విడదీసి, ఎక్స్‌రే ఫిల్ము మీద మచ్చలు చూశారు. మొట్టమొదట వెలిగిన మచ్చ పీజీఏ. మీ సుద్ద పిక్క చేస్తున్న పని కూడా కార్బన్-14దే. 1961లో నోబెల్ కాల్విన్ ఒక్కడికే వచ్చింది. బెన్సన్ పేరు కూడా బోర్డు మీద రాయడం న్యాయం.

ఇక ప్రయోగం. ఈ భాగానికి బళ్ళో ప్రయోగమే లేదని అనుకుంటారు గానీ, పాలకూర బిళ్ళల ప్రయోగం ఉంది. దాన్ని ఆక్సిజన్ కోసం చేసి వదిలేస్తున్నాం, అంతే. లీటరు నీళ్ళకు 2 గ్రాముల వంటసోడా, అంటే టీ చెంచాలో సగానికి కాస్త తక్కువ. బిళ్ళలకు కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేది వంటసోడాయే, చాకలి సోడా కాదు. గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క, నురగ రాకుండా. కాగితాలకు చిల్లులు పెట్టే పంచింగ్ మిషన్‌తో పాలకూర నుంచి, పెద్ద ఈనెలు తప్పించి, పది బిళ్ళలు కొట్టండి. సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజిలో బిళ్ళలు, కొంచెం ద్రావణం వేసి, గాలి తీసేసి, మూతి వేలితో మూసి, పిడి వెనక్కి లాగి పది సెకన్లు పట్టుకోండి. వదిలి, తట్టి, రెండు మూడు సార్లు అలాగే చేస్తే బిళ్ళల్లోని గాలి పోయి మునుగుతాయి. గ్లాసులో పోసి వెలుగులో పెడితే, లోపల తయారైన ఆక్సిజన్‌తో కొన్ని నిమిషాల్లో ఒక్కొక్కటిగా తేలతాయి.

రెండో గ్లాసులో వంటసోడా లేకుండా అన్నీ అలాగే చేయండి. వెలుగు ఉంది, నీళ్ళున్నాయి, పత్రహరితం ఉంది, అయినా బిళ్ళలు అడుగునే ఉంటాయి, తేలినా ఒకటీ అరా. ఆక్సిజన్ వచ్చేది నీళ్ళలోంచి గదా, మరి కార్బన్ డయాక్సైడ్ లేకపోతే ఎందుకు ఆగాలి? ఈ ఒక్క ప్రశ్న కోసమే ఈ ప్రయోగం చేయాలి. స్ట్రోమాలో ఎన్ఏడీపీహెచ్ ఖర్చయితేనే ఖాళీ ఎన్ఏడీపీ తిరిగి థైలకాయిడ్ దగ్గరికి వస్తుంది. ఖాళీ గోతాలు తిరిగి రాకపోతే మిల్లులో బియ్యం పట్టేదెందులో? మిల్లు ఆగుతుంది. కాంతి చర్య కూడా అట్టానే నిలిచిపోతుంది.

మన దగ్గర ఈ రెండో గ్లాసే మోసం చేస్తుంది. కారణం బోరు నీళ్ళు. కనిగిరి, పొదిలి వైపు గట్టి నీళ్ళలో, వంటసోడాలో ఉండే బైకార్బొనేట్ సహజంగానే ఉంటుంది, మీరు సోడా వేయకపోయినా బిళ్ళలు తేలిపోతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, మరిగించి, మూతపెట్టి చల్లార్చి వాడండి. రెండో మోసం ఎండది. పదకొండు దాటాక గ్లాసు ఎండలో పెడితే నీళ్ళు వేడెక్కి, కరిగున్న గాలి బుడగలై బిళ్ళలకు అంటుకుని లేపేస్తుంది. పొద్దున తొమ్మిదిలోపు చేయండి. నల్ల కాగితం చుట్టిన మూడో గ్లాసు పక్కన పెట్టండి, అందులోనూ బిళ్ళలు తేలితే అది వేడి పనే. తోటకూర వాడొద్దు, అది సీ4 మొక్క, అంటే కార్బన్‌ను ముందే పోగుచేసి వలయానికి అందించే రకం. ఫలితం చెడుతుందని కాదు, వివరణ ఇంకో పాఠంలోకి పోతుంది.

సీసాలో సగం ఆకు దూర్చి చేసే కాస్టిక్ పొటాష్ ప్రయోగం కూడా నిజానికి నిష్కాంతి చర్యదే. కాస్టిక్ పొటాష్ కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తుంది, అది అందని సీసాలోపలి సగంలో పిండి పదార్థం రాదు. ఇది చెడిపోయేది మూడు చోట్ల: మొక్కను రెండు మూడు రోజులు చీకట్లో ఉంచకపోవడం, చీల్చిన బిరడా దగ్గర వాసెలైన్ సరిగా పూయకపోవడం, ద్రావణం ఆకుకు తగిలి ఆకు మాడిపోవడం. చివర్లో ఆకును ఆల్కహాల్‌లో ఉడికించేటప్పుడు మంట ఆర్పేసి, వేడినీళ్ళ గిన్నెలో పరీక్షనాళిక నిలబెట్టండి. ఆల్కహాల్‌కు మంట దగ్గర పనిలేదు.

మొక్కజొన్న, జొన్న, సజ్జ సీ4 అనీ, వరి, మిరప, శనగ, పొగాకు సీ3 (పోగుచేసే ఏర్పాటు లేనివి) అనీ పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది, చుట్టూ పొలాలున్నాయి గదా. ఒక్క మాట కలపండి: సీ4 మొక్కల్లోనూ కాల్విన్ వలయమే తిరుగుతుంది. దానికి ముందు కార్బన్‌ను పోగుచేసి అందించే ఏర్పాటు అదనం, అంతే.

ఎడారి మొక్కల్లాగే పనిచేసే రణపాల దగ్గరికి వచ్చేసరికి 'రాత్రి' మళ్ళీ తలెత్తుతుంది. ఎడారి మొక్కలు రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయని పాఠంలోనే ఉంది. "చూశారా సార్, రాత్రేగా!" అంటారు. రాత్రి జరిగేది నిల్వ మాత్రమే. పత్రరంధ్రాలు తెరిచి, కార్బన్‌ను మాలిక్ ఆమ్లంగా కణాల్లోని రిక్తికల్లో దాస్తుంది. వలయం తిరిగేది పగలు, రంధ్రాలు మూసుకున్నాక, ఆ ఆమ్లంలోంచి వదిలిన వాయువుతో. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడిగా ఉన్న బెంజమిన్ హేన్ ఇలాంటి ఆకులు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటాయని రాసిన లేఖను లండన్ లిన్నేయన్ సొసైటీ 1815లో అచ్చువేసింది. ఆయన నమిలి చూశాడు. పిల్లల్ని నమలనివ్వొద్దు, రణపాలలో గుండెకు చెరుపు చేసే పదార్థాలున్నాయి.

దానికి బదులు ఆమ్లాన్ని కొలవండి. తెల్లవారుజామున ఆరింటికి కోసిన ఆకు 5 గ్రాములు నూరి, 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి గుడ్డతో వడకట్టండి. 10 మిల్లీలీటర్లు తీసి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, లీటరుకు 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని డ్రాపర్‌తో చుక్క చుక్కగా వేస్తూ గులాబీ రంగు నిలిచేదాకా లెక్కపెట్టండి. సాయంత్రం నాలుగింటికి అదే మొక్క నుంచి, అదే వరుసలోని ఆకు కోసి మళ్ళీ చేస్తే తక్కువ చుక్కలకే రంగు వస్తుంది. ఆకు రసం పచ్చదనంలో గులాబీ రంగు కనపడకపోతే ఇంకో 20 మిల్లీలీటర్లు నీళ్ళు కలపండి, చుక్కల లెక్క మారదు. రెండుసార్లూ డ్రాపర్ మాత్రం ఒకటే ఉండాలి.