తంజావూరు రాజమహలుకు ఒక రోజంతా

శ్రీరంగం యాత్రకు వెళ్లిన మనవాళ్లలో చాలామంది ఒక పూట వీలు చూసుకొని తంజావూరు కూడా వెళ్లి వస్తుంటారు. తిరుచ్చి జంక్షన్‌లో ప్యాసింజరు బండి ఎక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా ఊరు వచ్చేస్తుంది. ఉన్నది 50 కిలోమీటర్ల దూరమే కాబట్టి రిజర్వేషన్ గొడవ కూడా లేదు. బయలుదేరే ముందు ఎవరిని అడిగినా ఒకటే మాట చెప్పారు: పెద్దగుడి, అంటే బృహదీశ్వరాలయం, తీరిగ్గా చూడండి, సమయం మిగిలితే రాజమహలులో ఓ అరగంట తిరిగి రండి అని. ఆ సలహా మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. సుమారు 140 ఏళ్లు తెలుగు కవులకు, నాట్యకత్తెలకు, గాయకులకు నీడనిచ్చిన ఇల్లు అది. దానికి అరగంట ఏం సరిపోతుంది?

తిరువెరుంబూరులో ఒక పెద్దావిడ ఎక్కి నా ఎదుటి సీట్లో కూర్చుంది. ఒళ్లో తడిగుడ్డ పరుచుకొని, అందులో కనకాంబరాలు పోసుకొని, అరటినారతో మాల కట్టడం మొదలుపెట్టింది. నేను ఇంటికి ఫోన్ చేసి మాట్లాడి పెట్టేయగానే, చేతిలో నార ఆపకుండానే, "ఏ ఊరు నాయనా మీది?" అని అడిగింది. గుంటూరు దగ్గర అని చెప్పాను. తమ ఇంట్లో మాట్లాడేది తెలుగేననీ, తంజావూరును ఏలిన తెలుగు నాయకరాజుల కాలంలో తమవాళ్లు ఇటు వచ్చారని పెద్దలు చెప్పుకొనేవారనీ చెప్పింది. ఆమె మాటల్లో తమిళం సగం కలిసి ఉన్నా, క్రియలు, చుట్టరికాలు, వంటింటి మాటలు అన్నీ మనవే. "మీ దిక్కు బస్సు మీద కూడా తెలుగే రాసి ఉంటుందా?" అని ఆమె అడిగినప్పుడు, ఉంటుందమ్మా అని చెప్పడానికి నాకు ఒక క్షణం పట్టింది. "మాకు మాట్లాడను వచ్చు నాయనా, చదవను రాదు. మనవరాలికి మాట్లాడనూ రాదు" అంది. అందులో ఫిర్యాదు లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. బూదలూరు దాటాక కిటికీకి రెండు వైపులా వరిచేలు పరుచుకున్నాయి. మాకు కృష్ణా కాలువల కింద కనిపించే పచ్చదనమే ఇక్కడ కావేరి కింద కనిపించింది. తంజావూరులో దిగేటప్పుడు మూరెడు మాల తుంచి, గుళ్లో అమ్మవారికి ఇవ్వమని నా చేతిలో పెట్టింది.

స్టేషను బయట ఆటోవాళ్లు అడిగే ధర రైలు టికెట్టుకు ఎన్నో రెట్లు ఉంటుంది. కాళ్లు బాగున్నవాళ్లు నడిచే వెళ్లవచ్చు, పెద్దగుడి దగ్గరే. రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేసిన ఆ ఆలయం గురించి చెప్పినవాళ్లకు కొదవ లేదు గనుక నేను ఒక్క మాటతో ఆపుతాను: రాతి నేల కాలక ముందే, పొద్దున్నే చూసేయాలి. మిగిలిన రోజంతా రాజమహలుకు అట్టిపెట్టుకోవాలి.

ఆ మహలును నాయకరాజులు కట్టించగా, తరువాత వచ్చిన మరాఠాలు పెంచారు. రఘునాథ నాయకుడు స్వయంగా కవి. చేమకూర వేంకటకవి విజయవిలాసాన్ని అంకితమిచ్చింది ఆయనకే. ఆయన కొడుకు విజయరాఘవుడు యక్షగానాలు రాసి, ఆడించి, రంగాజమ్మ వంటి కవయిత్రిని ఆదరించాడు. 1673లో మధుర నాయకుడు చొక్కనాథుడు దండెత్తి వచ్చినప్పుడు విజయరాఘవుడు యుద్ధంలో చనిపోయాడు. కొట్టుకున్న రెండు వంశాలూ తెలుగువే అన్న సంగతి ఆ మహలులోని సంగీత మహలు అనే హాలులో నిలబడి తలచుకుంటే నిజంగా బాధ కలిగింది. ఆ తరువాత గద్దెనెక్కిన మరాఠాలు మాత్రం తెలుగును వదలలేదు. వాళ్లలో మొదటి రాజైన ఏకోజీ కొడుకు షాహాజీ తెలుగులోనే పల్లకి సేవా ప్రబంధం రాశాడు.

రాజమహలు ఆవరణలోనే ఉన్న సరస్వతీ మహల్ గ్రంథాలయంలో యాత్రికులు చూడడానికి కొన్ని గ్రంథాలను గాజు పెట్టెల్లో పెట్టారు. తెలుగు తాటాకు ప్రతి ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఆకు బెత్తెడు వెడల్పు కూడా లేదు; దారం దూర్చడానికి చేసిన చిల్లు చుట్టూ కాస్త చోటు వదిలి, ఆవగింజంత అక్షరాలను గంటంతో గీసి, గీతల్లో మసి నింపారు. మాటకూ మాటకూ ఎడం లేదు. అయినా నెమ్మదిగా కూడబలుక్కుంటే ఒక పాదం నోటికి అందింది. రైల్లో కలిసిన పెద్దావిడ పక్కన ఉంటే చదివి వినిపించేవాణ్ని. విని అర్థం చేసుకోవడానికి ఆమెకు లిపి అవసరం లేదు. అదే గదిలోకి మన ప్రాంతపు యాత్రికులు ఒక పెద్ద గుంపుగా వచ్చారు. వాళ్లలో ఒక పిల్లవాడు "అమ్మా, ఇది తెలుగే!" అని గాజుకు ముఖం ఆనించాడో లేదో, వాళ్లను తీసుకొచ్చిన టూరు మనిషి బస్సు వెళ్లిపోతోందంటూ అందరినీ బయటికి తోలేశాడు. ఆ పిల్లవాడికి ఇంకో పది నిమిషాలు ఇస్తే ఏం పోయేది?

ఈ గ్రంథాలయాన్ని ఇంతగా పెంచినవాడు 1798 నుంచి 1832 వరకు రాజుగా ఉన్న రెండవ శరభోజి. మనుషుల ముఖాలను జంతువుల ముఖాలతో పోల్చి గీసిన యూరోపియన్ బొమ్మలు కూడా ఆయన సేకరణలో ఉన్నాయి. 1918లో దీన్ని ప్రజలకు తెరిచారు. రంగులద్దిన స్తంభాల దర్బారు హాలు, చోళుల కంచు విగ్రహాలు, తిమింగలం అస్థిపంజరం కూడా ఈ ఆవరణలోనే ఉన్నాయి కాబట్టి పిల్లలతో వచ్చినవాళ్లు విసుగుపడనక్కరలేదు.

సాయంత్రం తిరుచ్చి బండికి ఇంకా వ్యవధి ఉండగా స్టేషనులో కాఫీ తాగుతూ తరువాతి ప్రయాణం ఆలోచించుకున్నాను. రఘునాథుడి తండ్రి అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు దానమిచ్చిన మెలట్టూరు తంజావూరుకు దగ్గరే. అక్కడ ఇప్పటికీ నృసింహ జయంతికి భాగవత మేళం వారు తెలుగు నాటకాలు ఆడుతున్నారు. వైశాఖంలో ఎండ ఎంత మండినా, ఈసారి ఆ రాత్రుల లెక్క చూసుకొనే టికెట్టు కొంటాను.