670 కోట్ల టన్నుల వెనక: కుక్ దీవులను నేను చదివిన తీరు

తెలుగు మాధ్యమంలో మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. ప్రపంచ సహజ వనరుల పాఠాన్ని మొదటి ప్రయత్నంలో నేను పట్టికలు బట్టీపట్టి దాటేశాను. ఒక మాక్ టెస్టులో పసిఫిక్ దీవుల సముద్రగర్భ ఖనిజాలపై, అంటే సముద్రం అడుగున పడి ఉండే లోహపు గడ్డలపై 15 మార్కుల ప్రశ్న వచ్చింది. నౌరు, కుక్ దీవులు, క్లారియన్-క్లిప్పర్టన్ మండలం (హవాయి, మెక్సికోల మధ్య ఏ దేశానికీ చెందని సముద్రపు అడుగు) అన్నింటినీ ఒకే పేరాలో కలిపేశాను. దిద్దినవారు 4 మార్కులు వేసి, పక్కన ఒక ప్రశ్న రాశారు: ‘ఈ గడ్డలు ఎవరివి?’

దానికి జవాబు వెతుకుతూ వారం రోజులు కుక్ దీవులతోనే గడిపాను. పాత క్యాలెండర్ కాగితం వెనక మ్యాపు గీశాను. 15 దీవులూ కలిపి నేల సుమారు 240 చదరపు కిలోమీటర్లే. పెన్సిల్ మొనతో చుక్కలు పెట్టడం తప్ప గీయడానికేమీ లేదు. చుట్టూ తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు, వనరులపై ఆ దేశానికే హక్కుండే సముద్ర ఆర్థిక మండలి దాదాపు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. జనం 15 వేల చిల్లర, ఆదాయంలో ఎక్కువ భాగం పర్యాటకులదే. కరోనా కాలంలో సరిహద్దులు మూతపడి ఆ ఆదాయానికి గండి పడింది. సముద్రం అడుగున ఉన్న పాలీమెటాలిక్ నాడ్యూల్స్ (ఆ లోహపు గడ్డలు) మీద వాళ్లకు అంత ఆశ ఎందుకో అప్పుడు నాకు అర్థమైంది.

ఈ గడ్డలు కుక్ దీవుల జలాల్లోని పెన్రిన్ బేసిన్ అనే లోతట్టు అడుగున సుమారు 5 వేల మీటర్ల లోతున ఉన్నాయి. సొరచేప పన్నో, రాతి ముక్కో నడుమ ఉంటుంది. దాని చుట్టూ మాంగనీస్, ఇనుము ఆక్సైడ్లు ఉల్లిపొరల్లా పేరుకుంటాయి. పది లక్షల ఏళ్లకు పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే. అక్కడ అడుగున మట్టి చాలా నెమ్మదిగా చేరుతుంది. అంటార్కిటికా వైపు నుంచి ఆక్సిజన్ నిండిన చల్లని నీరు పారుతుంది. అందువల్ల లోహాలు ప్రధానంగా సముద్రపు నీటి నుంచే వచ్చి చేరతాయి, కోబాల్ట్ పాలు ఎక్కువ. క్లారియన్-క్లిప్పర్టన్ గడ్డలకు అడుగు మట్టిలోని నీటి నుంచి కూడా లోహాలు అందుతాయి కాబట్టి నికెల్, రాగి ఎక్కువ. ఈ కారణం రాయని జవాబు ఉత్త జాబితాగా మిగిలిపోతుంది.

ఇక అంకెల సంగతి. కుక్ దీవుల జలాల్లో 670 కోట్ల టన్నుల గడ్డలున్నాయన్న అంచనా తడి బరువు, అంటే నీటితో కలిపి తూచినది. అందులో కోబాల్ట్ సుమారు 2 కోట్ల టన్నులు. ఇది వనరే గాని నిల్వ కాదు. తవ్వితే గిట్టుబాటవుతుందని తేలినదే నిల్వ. వాణిజ్య స్థాయిలో ఈ గడ్డల తవ్వకం ప్రపంచంలో ఎక్కడా మొదలు కాలేదు. 2022లో కుక్ దీవులు మూడు సంస్థలకు ఇచ్చినవి అన్వేషణ అనుమతులే. 2017 నాటి మరయె మోఆనా అనే సముద్ర రక్షణ చట్టం ప్రకారం ప్రతి దీవి చుట్టూ 50 నాటికల్ మైళ్ల లోపల తవ్వకం నిషిద్ధం. దీన్ని వదిలేయకండి. పెరూ బేసిన్‌లో 1989లో శాస్త్రవేత్తలు ప్రయోగం కోసం దున్నిన చాళ్లు దశాబ్దాల తర్వాతా చెరగలేదు. పర్యావరణానికి చివర్లో ఒక వాక్యం విదిల్చడం ఆ దీవివాసులకు అన్యాయం చేయడమేనని నా నమ్మకం.

ఒక జాగ్రత్త చెప్పాలి. సముద్ర ఆర్థిక మండలిని ప్రత్యేక ఆర్థిక మండలి అని రాస్తుంటారు, కానీ తెలుగులో సెజ్‌ను (పరిశ్రమలకు రాయితీలిచ్చే ప్రాంతాన్ని) కూడా అలాగే అంటాం. అందుకే నేను మొదటిసారి వాడేటప్పుడు ‘తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు ఉండే సముద్ర ఆర్థిక మండలి’ అని విడమరిచి రాస్తాను. ఆ గీత దాటితే, ఖండపు అంచు ఇంకా ముందుకు సాగిన చోట్ల తప్ప, సముద్రపు అడుగు మానవాళి ఉమ్మడి వారసత్వం. అక్కడ పెత్తనం జమైకాలోని అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థది. మన దేశం కూడా మధ్య హిందూ మహాసముద్రంలో 75 వేల చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు 2002లో ఆ సంస్థతోనే ఒప్పందం చేసుకుంది.

తర్వాత అదే ప్రశ్నకు మళ్లీ జవాబు రాశాను. మొదటి వాక్యం ఇది: ‘కుక్ దీవుల గడ్డలపై హక్కు కుక్ దీవులదే, క్లారియన్-క్లిప్పర్టన్ మండలంలో నౌరు పూచీపై ఒక సంస్థ అన్వేషిస్తున్న గడ్డలు నౌరువి కావు.’