నాలుగు డిస్కులు, రెండింటి చాకిరీ

సర్వర్లో కొత్త హార్డు డిస్కులు బిగించి వచ్చిన తొమ్మిదో రోజున ఫోను. "ఏవండీ, కొత్తవి వేశాక ఇంకా మెల్లగా అయ్యిందేంటండీ? కాటా మీద ట్రే పెట్టి సేవ్ కొడితే, టీ తాగొచ్చినా తిరుగుతానే ఉంటందండి." మేనేజరు గారు కోపంలో కూడా 'అండీ' వదలరు. నాకు అదే ఎక్కువ భయం.

మాది పాలకొల్లు. భీమవరం, నరసాపురం చుట్టుపక్కల రైసుమిల్లులకీ రొయ్యల ప్లాంట్లకీ సర్వర్లు చూసుకుంటుంటాను. ఇదొక రొయ్యల ప్లాంటు. చెరువుల దగ్గర తెల్లారకుండానే పట్టుబడి మొదలైతే, ఇక్కడికి బండ్లు పొద్దెక్కాక వరసపెడతాయి. బండి దిగిన ప్రతి ట్రేకీ ఏ చెరువు, ఏ లాటు, ఎంత తూకం, కేజీకి ఎన్ని రొయ్యల కౌంటు అన్నీ సర్వర్లోకి ఎక్కాలి. అది ఆగితే వెనక ఐస్ కరుగుతూ ఉంటుంది. సర్వరు గది అంటే ఏదో అనుకునేరు, ఒక పక్క మా సర్వరు, ఇంకో పక్క గమ్‌బూట్ల అట్టపెట్టెలు, పైన ఏసీ, అంతటా క్లోరిన్ నీళ్ళ వాసన.

పాతవి 2 టీబీ డిస్కులు రెండు, ఒకదానికొకటి నకలుగా రెయిడ్ 1లో జత. అవి నిండిపోవస్తున్నాయంటే అలాంటిదే ఇంకో జత తెచ్చి పెట్టాను. ఎల్‌వీఎం అని, డిస్కులన్నిటినీ ఒకే రాశిగా చేసి వాల్యూములనే భాగాలుగా పంచే లైనక్సు ఏర్పాటు ఉంటుంది. అందులో ఆ రాశికి, అంటే వాల్యూమ్ గ్రూపుకి కలిపాను, స్కాన్ కాగితాలుండే వాల్యూముని పెంచాను, ఖాళీ ఎంతుందో చెప్పే డీఎఫ్ కమాండు కొడితే బోలెడు కనిపించింది. బిల్లిచ్చి వచ్చేశాను. తప్పంతా అక్కడే ఉంది, నాదే.

ఆ రోజు వెళ్ళి ముందు కేబుళ్ళు అనుమానించాను. ఉప్పుగాలికి ఇక్కడ కాంటాక్టులు పచ్చగా చిలుం పట్టడం మామూలే. ఊడదీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. ఏం లేదు. అప్పుడు ఏ డిస్కు ఎంత బిజీగా ఉందో చూపించే ఐఓస్టాట్ కమాండుని ఐదేసి సెకన్లకి తిప్పుతూ కూర్చున్నాను. పాత జత రెండూ 98, 100 శాతం బిజీ. కొత్త జత 2, 3 శాతం. ఒక్కో అభ్యర్థనకి పాతవాటిలో నిరీక్షణ 70 మిల్లీసెకన్లు దాటుతోంది.

ఆ 70 ఎందుకు ఎక్కువో చెప్పాలి. డిస్కు నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకి 120. ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు, చదివి రాసే హెడ్డు కిందకి రావడానికి సగటున అందులో సగం, నాలుగుకి కాస్త పైన. హెడ్డు జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. మొత్తం పన్నెండు, పదమూడు. అంటే చెల్లాచెదురుగా అడిగితే ఒక డిస్కు సెకనుకి ఓ ఎనభై పనులు చేస్తుంది, అంతకు మించి దాన్ని చంపినా చెయ్యదు. 70 వచ్చిందంటే మిగతాదంతా లైన్లో నిలబడిన టైమే.

ఎల్‌వీఎంకి కొత్త డిస్కు కలిపితే పాత డేటా కదలదు. ఎక్కడ రాసింది అక్కడే ఉంటుంది. నాకు తెలియదా? తెలుసు. స్థలం కావాలన్నారు, స్థలం ఇచ్చాను, డేటాబేసు ఎక్కడుందో చూడలేదు. మేనేజరు గారికి ఇది చెబితే ఒక్క ముక్కలో తేల్చేశారు: "కొత్త బోదె తవ్వి తూము ఎత్తడం మర్చిపోయారన్నమాట." ఆయనది నరసాపురం దగ్గర శివారు పొలం. విజ్జేశ్వరంలో వదిలిన గోదావరి నీళ్ళు అక్కడిదాకా రావడానికి దాళ్వాలో వంతుల కోసం కాపలా కాసిన మనిషి, నాకంటే తొందరగా అర్థమైంది.

సరే, సగం డేటా ఇటు, సగం అటు సర్దేద్దామా అంటే అదీ కాదు. నేను హైదరాబాదులో ఉన్న రోజుల్లో ఐబీఎం ఏఎస్/400 అనే ఆఫీసు కంప్యూటరు మీద పనిచేశాను. అది 1988లో వచ్చిన మిషను. ఏ ఫైలు ఏ డిస్కులో ఉందన్న గోల మనకి లేకుండా అదే అన్నిటిమీదా పరిచేస్తుంది. కొత్త డిస్కులు చేర్చాక సర్దడానికి స్టార్ట్ ఏఎస్‌పీ బ్యాలెన్స్ అని ఒక కమాండు. అందులో కెపాసిటీ ఒకటి, యూసేజ్ ఒకటి. కెపాసిటీ అంటే డిస్కులన్నీ ఒకే శాతం నిండేలా సర్దడం. యూసేజ్ కావాలంటే ముందు ట్రేసు పెట్టాలి. ఏ డేటాని ఎక్కువ ముట్టుకుంటున్నారో చూసి రాసుకుని, దాన్నిబట్టి కదుపుతుంది. ఆదివారం ట్రేసు పెడితే ఆదివారం లెక్కే వస్తుంది. మా లైనక్సులో అలాంటి ట్రేసు నేను పెట్టుకోలేదు గానీ, ఆ బుద్ధి మాత్రం మిగిలింది. మూడేళ్ళ నాటి ఎగుమతి కాగితాల స్కాన్లు 900 జీబీ ఉన్నా వాటిని ఎవడూ తెరవడు. డేటాబేసు 300 జీబీయే, కానీ చాకిరీ అంతా దానిదే.

అందుకని బండ్లు వచ్చే రోజునే, పదింటి నుంచి సాయంత్రం దాకా ఐఓస్టాట్ రాయించాను. కాటా దగ్గర కూర్చునే అమ్మాయిని కూడా అడిగాను, ఎప్పుడెప్పుడు ఆగుతోందని. "రోజంతా నసుగుతానే ఉంటదండి. ఒంటిగంట నుంచి రెండు దాకా అయితే అసలు కదలదు. ఆ టైముకి మేం అన్నాలు తినేస్తామండి" అంది. ఒంటిగంటకేంటి? ఏ పని ఏ టైముకి దానంతట అదే నడవాలో రాసుండే క్రాన్ ఫైలు తెరిచి చూస్తే ఒంటిగంటకి డేటాబేసు బ్యాకప్. ఇక్కడ పగటి షిఫ్టు ఒక్కటే ఉన్న రోజుల్లో, భోజనాల టైములో ఎవరూ ఉండరని పెట్టారెవరో. ఎవరో అంటే నేనే, ఫైల్లో నా పేరుంది.

బ్యాకప్‌ని తెల్లారుజాము నాలుగుకి మార్చాను. డేటాబేసు వాల్యూముని మాత్రం కొత్త జతకి తరలించాలని తేల్చుకున్నాను, స్కాన్లు పాతచోటే ఉంటాయి. తిరిగే చక్రం లేని ఎస్ఎస్‌డీలు ఎందుకు పెట్టలేదని అడుగుతారు. చెప్పాను. "సీజను అయ్యాక చూద్దామండీ" అన్నారు మేనేజరు గారు. మా వైపు ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు.

డేటాని ఒక డిస్కు నుంచి ఇంకోదానికి తరలించే ఎల్‌వీఎం కమాండు పీవీమూవ్. సర్వరు నడుస్తుండగానే అది పనిచేస్తుంది, డేటాబేసు ఆపక్కర్లేదు. కానీ అది కూడా ఆ డిస్కుల మీదే చదివి రాస్తుంది కదా, పగలు పెడితే మంట మీద నూనె. అందుకని బయటి డ్రైవుకి పూర్తి బ్యాకప్ తీసుకుని రెండు రాత్రులు పెట్టుకున్నాను. ఎల్‌వీఎం స్థలాన్ని ఎక్స్‌టెంట్ అనే ముక్కలుగా లెక్కేస్తుంది, మామూలుగా ఒక్కోటి 4 ఎంబీ. 300 జీబీ అంటే 76,800 ముక్కలు. మొదటి రాత్రి 30,000 చెప్పి కదిపాను, బాగానే వెళ్ళాయి. రెండో రాత్రి 1:20కి, 61 శాతం దగ్గర, కరెంటు పోయింది. జెనరేటరు ఎక్కేలోపు యూపీఎస్ చేతులెత్తేసింది, బ్యాటరీలు ఉబ్బిపోయి ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయి గదిలో క్లోరిన్ వాసనా, నా గుండె చప్పుడూ.

సర్వరు లేచాక ఏ డిస్కు పేరూ ఇవ్వకుండా ఉత్త పీవీమూవ్ అని కొట్టాను. ఎక్కడిదాకా వెళ్ళిందో గుర్తుపెట్టుకునే ఉంటుంది, కాబట్టి మిగిలినది అందుకుంది. మూడున్నరకి అయిపోయింది. నాలుగింటి బ్యాకప్ కూడా చూసుకుని, బయట బండి దగ్గర టీ తాగి ఇంటికి బయల్దేరాను.

తర్వాత వారం పట్టుబడి రోజున చూస్తే కొత్త జత 55 నుంచి 60 శాతం బిజీ, పాత జత 15 లోపు. సమానం కాదు, కావాలని కూడా నేను చూడలేదు. నిరీక్షణ 14 మిల్లీసెకన్లకి వచ్చింది. యూపీఎస్ బ్యాటరీలు మాత్రం వెంటనే మార్పించాను, దానికి సీజను అడ్డం రాలేదు.

కాటా దగ్గర అమ్మాయిని పలకరించాను, ఇప్పుడెలా ఉందమ్మా అని. "బానే పరిగెడతందండి. మరి మేం అన్నం ఎప్పుడు తినాలండి?" అంది.