ఆకు రాలిన అడవిలో

ఆదివారం రాత్రి

అనంతగిరికి వెళ్తున్నానంటే ఆఫీసులో అందరిదీ ఒకటే మాట. "ఇప్పుడేముంటుంది అక్కడ? వానలు పడ్డాక వెళ్లండి." వికారాబాద్ గుట్టలంటే జూలై, ఆగస్టుల్లో మబ్బులు కమ్మిన పచ్చటి లోయలే అందరికీ గుర్తు. నాకు మాత్రం ఉగాదికి ముందు వచ్చే ఈ రోజులే ప్రాణం. టేకు చెట్లు ఆకంతా రాల్చేసి ఉంటాయి. వానాకాలంలో గొంతు మాత్రమే వినిపించే పిట్టలు ఇప్పుడు ఉత్త కొమ్మల మీద తల నుంచి తోక దాకా కనిపిస్తాయి. పైగా అవి జతకట్టే కాలం, పాడే కాలం, గూడు కోసం తొర్రలు వెతుక్కునే కాలం. మన దగ్గర వసంతం పచ్చగా మొదలవ్వదు. ముందు ఎర్రగా పూస్తుంది, ఆ తర్వాతే చిగురు.

నిన్న మధ్యాహ్నం అక్క, బావ, ఏడో తరగతి చదువుతున్న మేనకోడలు, నేను బయల్దేరాం. హైదరాబాద్ నుంచి 80 కిలోమీటర్ల దారి. చేవెళ్ల దగ్గర మర్రి చెట్ల కింద టీ తాగాం. రోడ్డు వెడల్పులో ఇవి పోకూడదని జనం, పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లి కొట్లాడిన మర్రులు. మర్రిపళ్ల కోసం గోరింకలూ, పచ్చ గువ్వలూ పై కొమ్మల్లో కీచులాడుకుంటున్నాయి. పచ్చ గువ్వ కదిలితే తప్ప కనపడదు. "ఎక్కడ మామా, ఎక్కడ?" అంటూ మేనకోడలు మెడ వెనక్కి వంచి వెతికింది. ఒక ఆకు నడవడం మొదలుపెట్టాక దానికి అర్థమైంది, అది ఆకు కాదని.

అడవి లోపల ఎక్కడ పడితే అక్కడ టెంటు వేయనివ్వరు. వేయకూడదు కూడా. బావకు తెలిసిన రైతు మామిడితోట ఒకటి అడవి అంచునే ఉంది. అడిగితే సరేనన్నాడు. పూత చాలావరకు రాలి, పిందెలు గోలీలంత అయ్యాయి. తోట కాపలా చూసే తాత మమ్మల్ని చూడగానే మొదట చెప్పింది నీళ్ల సంగతి. "పొద్దుగూకే యాళ్లకు వాగుకాడికి గుంపుగ పోవద్దు బిడ్డా. జీవాలు తాగొచ్చే యాళ్ల అది." నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత తక్కువ మాటల్లో ఇంత పనికొచ్చే సలహా లేదు.

తోట గట్టు మీద ఒక మోదుగ ఉంది. ఒక్క ఆకు లేదు, చెట్టంతా పూలే. హోలీ అయిపోయి వారమైంది కాబట్టి కింది కొమ్మల పూలు పిల్లలు కోసుకుపోయారు, పైవన్నీ పిట్టలకు మిగిలాయి. ఆ చెట్టుకు ఎదురుగా కూర్చుంటే చాలు, ఇంకెక్కడికీ నడవక్కర్లేదు. గోరింకలు, పికిలి పిట్టలు, తేనెపిట్టలు, ఒక రామచిలుకల గుంపు వంతులవారీగా వచ్చాయి. బైనాక్యులర్స్‌లో ఒక గోరింకను చాలాసేపు చూశాను. మోదుగ పువ్వుకు కింద నల్లటి, నూగు నూగుగా ఉండే దొప్ప, పైన వంపు తిరిగిన నారింజ రంగు రేకు. గోరింక ముక్కు లోపలికి దూర్చగానే రేకు విచ్చుకుని, లోపలి కేసరాలు దాని నుదుటికి తగులుతాయి. అది తేనె తాగి తల ఎత్తేసరికి నుదుటి మీద పసుప్పచ్చటి పుప్పొడి. ఆ పొడితోనే పక్క చెట్టుకు వెళ్లింది. మోదుగ కాయ కాయాలంటే ఇలా పిట్టల నుదుళ్లు కావాలి. చిలకలది మాత్రం వేరే పద్ధతి, పువ్వును తుంచి, అడుగున కొరికి, తేనె పీల్చి కింద పారేస్తాయి. చెట్టు కిందంతా అలా కొరికేసిన పూలే.

అక్కడే కూర్చుని ఉండగా పాలపిట్ట కనిపించింది.

పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు దాన్ని చూస్తే మంచిదని జమ్మిచెట్టు దగ్గరికి పోయేటప్పుడు అందరం ఆకాశం వైపు చూస్తాం. ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని కొందరు పిట్టను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి వీధి వీధీ తిప్పి డబ్బులడుగుతారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. అయినా పండక్కి ఎక్కడో ఒకచోట ఆ పంజరం కనపడుతూనే ఉంటుంది. నిన్న చూసినదాన్ని చూస్తే ఆ పంజరానికి ఎవరూ దణ్ణం పెట్టలేరు.

కరెంటు తీగ మీద మామూలుగా కూర్చుని ఉంది. అలా కూర్చున్నప్పుడు అది గోధుమ రంగులో సాదాగానే ఉంటుంది, రోడ్డు మీద పోయేవాళ్లు పట్టించుకోరు. ఉన్నట్టుండి లేచింది. రెక్కలు గట్టిగా కొట్టుకుంటూ నిలువునా పైకి, ఇంకా పైకి పోయింది. అక్కడ ఒక్క క్షణం ఆగి, తెగిన గాలిపటంలా అటూ ఇటూ దొర్లుతూ, గరగరా అరుస్తూ కిందికి పడింది. ఆ దొర్లడంలో రెక్కలు ఒకసారి ముదురు నీలం, ఒకసారి లేత నీలం. నేలకు తాకుతుందేమో అనిపించేలోపు నిలదొక్కుకుని మళ్లీ పైకి. ఇదంతా తోట చివర మొండి తాటిచెట్టు మీద కూర్చున్న ఆడదాని కోసం. ఆడదీ మగదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కదలకుండా కూర్చుని చూస్తున్నది ఆడది అని ఆట చూస్తేనే తెలిసింది. మేనకోడలు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. పాలపిట్టను చూడాల్సింది దసరాకు కాదు, ఫాల్గుణంలో. దసరాకు దాన్ని వెతుక్కోవాలి, ఇప్పుడైతే ఆకాశంలో అదే పిలిచి మరీ చూపిస్తుంది.

సాయంత్రం తాత చెప్పినట్టే గుంపుగా కాకుండా, నేనూ మేనకోడలూ మాత్రం వెళ్లి వాగు గట్టు మీద కాస్త దూరంగా ఒక మద్దిచెట్టుకు ఆనుకుని కూర్చున్నాం. అనంత పద్మనాభస్వామి కొలువున్న ఈ గుట్టల్లోనే మూసీ పుట్టేది. హైదరాబాద్‌లో మనం ముక్కు మూసుకుని దాటే ఆ మూసీయే ఇక్కడ చిన్న చిన్న ఊటలుగా మొదలై, చివరికి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మేం కూర్చున్న వాగులో ఇప్పుడు ధార లేదు, అక్కడక్కడ మడుగులు మిగిలాయి. చుట్టూ నీళ్లు ఎండిపోయాయి కాబట్టి ఎన్నో రకాల పిట్టలు ఆ నాలుగు మడుగుల దగ్గరికే రావాలి. అందుకే ఈ కాలంలో తిరగడం కంటే కూర్చోవడం మేలు.

ముందు పసిరిక పిట్టలు వచ్చాయి. ఎదుటి మట్టి గట్టుకు బొరియ తవ్వుకుంటున్నాయి. ఒకటి తేనెటీగను పట్టి తెచ్చి, కొమ్మకేసి బాది బాది, కొండి పోయేదాకా రాసి, అప్పుడు మింగింది. తర్వాత నల్లంచి. తర్వాత తోక విప్పుకుని అటూ ఇటూ తిరుగుతూ నాట్యం చేసే చిన్న పిట్ట. వెలుతురు ఇంకాస్త తగ్గాక తోకపిగిలి పిట్ట వచ్చింది. తెల్లటి మగది. నల్లటి కుచ్చు తల, కంటి చుట్టూ నీలం గీత, ఒంటి కన్నా పొడవైన రెండు తెల్లటి తోక ఈకలు. చిన్న వయసులో మగది కూడా ఆడదానిలా ఇటుక రంగులోనే ఉంటుంది, ఇంత తెలుపు రావడానికి ఏళ్లు పడుతుంది. అది నీటి మీదికి వంగిన కొమ్మ మీద కూర్చుంది, ఒక్కసారిగా మడుగులోకి దూకి, చప్పుడు కూడా రాకుండా తిరిగి కొమ్మ మీదికి. ఈకలు విదిలించింది. మళ్లీ దూకింది. స్నానం. ప్రతిసారీ ఆ తోక నీళ్ల మీద ఒక గీత గీసి లేచేది. మేనకోడలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, పిట్ట వెళ్లేదాకా వదల్లేదు. తడిసిన తోక బరువుకు ఎగరడం కష్టమైందో ఏమో, వెళ్లేటప్పుడు కాస్త కిందుగా పోయింది.

రాత్రి మంట వేయలేదు. ఇందాకటి నుంచి రాయాలనుకుంటున్నది ఇదే.

క్యాంపింగ్ అంటే మంట, పాటలు అనే ఒక లెక్క ఉంది మనవాళ్లకు. మాకు కొంచెం దూరంలో ఇంకో బృందం అలాగే పెద్ద మంట వేసింది, స్పీకరు అర్ధరాత్రి దాకా మోగింది. తాత వెళ్లి చెప్పి వచ్చాడు, మంట ఆర్పారు, స్పీకరు ఆపలేదు. ఈ కాలంలో అడవిలో నేలంతా మోకాళ్లలోతు ఎండుటాకు. ఒక్క నిప్పురవ్వ చాలు. "ఇప్పపువ్వు ఏరెటోళ్లు చెట్టుకింద సాపుగ ఉండాలని ఆకుకు అగ్గి పెడ్తరు. తునికాకు మంచిగ చిగురిస్తదని ఇంకొందరు పెడ్తరు. ఒక్కపారి అంటుకుంటే గుట్ట దాకా పోతది" అన్నాడు తాత. ఆయన తోట చుట్టూ రెండు బారల వెడల్పున ఆకు ఊడ్చి పెట్టుకున్నాడు.

ఆకు కాలితే ఏం పోతుంది, ఎలాగూ ఎండిందే కదా అనుకుంటాం. రాత్రి ఎనిమిది దాటాక తోట వెనక బాటలో టార్చి వేస్తే రెండు ఎర్రటి చుక్కలు మెరిశాయి. నైట్‌జార్. టార్చి పక్కకు తిప్పి నిలబడ్డాం. చుక్-చుక్-చుక్-చుక్ర్‌ర్ అని పాట అందుకుంది. ఆ పిట్ట గూడు కట్టదు. నేల మీద, ఎండుటాకుల మధ్య, ఏ అడ్డూ లేకుండా రెండు గుడ్లు పెట్టి వాటి మీద కూర్చుంటుంది. దాని ఒళ్లంతా ఎండుటాకు రంగే, పక్కనుంచి నడిచిపోయినా తెలియదు. గుడ్లు పెట్టే కాలం కూడా ఇదే. కౌజు పిట్ట, అడవికోడి కూడా నేల మీద గుడ్లు పెట్టేవే. మనం చెత్త అనుకునే ఆ ఆకే వాటి ఇల్లు. మంట వస్తే తల్లి ఎగిరిపోగలదు, గుడ్లు ఎగరలేవు కదా. అందుకే మేం చపాతీలు, పప్పు ఇంటి నుంచే తెచ్చుకున్నాం. అక్క ఫ్లాస్కులో టీ కూడా పోసుకొచ్చింది. ఏ లోటూ రాలేదు.

టెంటులో పడుకున్నాక మేనకోడలు అడిగింది, ఇక్కడి పిట్టలన్నిటి గురించి ఎవరు రాశారని. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గురించి చెప్పాను. 1931-32లో ఆయన నిజాం రాష్ట్రంలో ఊరూరా తిరిగి పక్షుల సర్వే చేశారని, భార్య తహ్మీనా కూడా వెంట వచ్చేవారని. కార్లు, ఫోన్లు అందరికీ లేని కాలంలో ఇద్దరు మనుషులు మన గుట్టల్లో ఇలాగే పిట్టల కోసం చెవులు రిక్కించి ఉంటారని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అది వింటూనే నిద్రపోయింది. చంద్రుడు అర్ధరాత్రి దాటాక వచ్చాడు.

పొద్దున ఐదింటికే కోకిల మొదలుపెట్టింది. వెలుగు వచ్చేసరికి ఇప్పచెట్టు కింద తెల్లటి పూలు పరుచుకుని ఉన్నాయి, ఆ వాసన తోట దాకా వస్తోంది. రాత్రి అడవిపందులు వచ్చి తిన్నట్టు గిట్టల గుర్తులు. ఒక చెవులపిల్లి మమ్మల్ని చూసి, ఒక క్షణం చెవులు నిలబెట్టి, పొదల్లోకి దూకింది. మునగచెట్టు ఎండుకొమ్మకు అడుగు వైపు కంసాలి పిట్ట తొర్ర చెక్కుతోంది. తల మాత్రం లోపల, తోక బయట. కాసేపటికొకసారి వెనక్కి వచ్చి నోటి నిండా పొట్టు తెచ్చి కింద పోస్తుంది. జతగాడు పక్క చెట్టు మీద టుక్, టుక్, టుక్ అని ఆపకుండా. అరిచేటప్పుడు ముక్కు మూసే ఉంటుంది, గొంతు మాత్రం ఉబ్బుతుంది.

తొమ్మిదింటికి తోట రైతు మోటారు సైకిల్ మీద వచ్చాడు. మాటల మధ్యలో ఆ మొండి తాటిచెట్టు చూపించి, వచ్చే వారం కొట్టించి బోరు మోటారు షెడ్డుకు దూలం వేయిస్తానన్నాడు. ఆ మాట విన్న వెంటనే నాకు టెన్షన్ పట్టుకుంది. పొద్దున్నే ఆ మోడు పైన ఉన్న తొర్రలోకి పాలపిట్ట దూరడం అక్క, నేను ఇద్దరం చూశాం. ఆయన్ని అక్కడికి తీసుకెళ్లి బైనాక్యులర్స్ చేతికిచ్చాను. "అన్నా, కొంచెం సేపు చూడండి" అన్నాను. పిట్ట బయటికి తల పెట్టి చూసింది, జతగాడు తీగ మీద నుంచి అరిచాడు. ఆయన చాలాసేపు కళ్ల దగ్గర్నుంచి బైనాక్యులర్స్ తీయలేదు. "మా తోటలనే ఉన్నదా ఇది! దసరకు మేం ఊరంత తిరుగుతం దీనికోసం" అన్నాడు.

గుడ్లు పొదగడానికి రెండున్నర వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల పడుతుందని చెప్పాను. షెడ్డు వానలకు ముందు అయిపోవాలని ఆయన లెక్క. బావ మధ్యలో కలగజేసుకుని, దూలానికి ఇనుప పైపు తన ఖర్చుతో పంపిస్తానన్నాడు. ఆయన వద్దన్నాడు, ఎండిన తాటిమాను ఇంకొకటి వాగు అవతల పడే ఉందట, అది తెచ్చుకుంటానన్నాడు. తాతను పిలిచి, జూన్ దాకా ఆ చెట్టు దగ్గరికి గొడ్డలి పట్టుకుని ఎవర్నీ రానీయొద్దని చెప్పాడు. మే మొదటి వారంలో మేం మళ్లీ వెళ్తున్నాం. మేనకోడలు తేదీ రాసుకుంది, బడికి సెలవులే.